తోట చెత్తకు చందా

ఇంగ్లండులో ఇంటి చెత్తను కౌన్సిల్ ఉచితంగా ఎత్తుకెళ్లాలి. 1990లో చేసిన పర్యావరణ పరిరక్షణ చట్టం 45వ సెక్షన్‌లో ఆ సంగతి చెబుతూనే ఒక సందు వదిలింది: నియమావళిలో పేర్కొన్న కొన్ని రకాల చెత్తకు మాత్రం సమంజసమైన రుసుము అడగవచ్చు. ఆ రకాల జాబితా 1992లో వచ్చింది, 2012లో దాన్ని తిరగరాశారు. పాతిక కిలోలు దాటిన వస్తువు, బిన్‌లో పట్టని వస్తువు, చనిపోయిన పెంపుడు జంతువు కళేబరం లాంటివాటి సరసన తోట చెత్తకూ ఒక పద్దు ఉంది. ఆ ఒక్క పద్దును ఆధారం చేసుకుని ఇప్పుడు ఆ దేశంలో చాలా కౌన్సిళ్లు కోసిన గడ్డికీ, రాలిన ఆకులకీ, కత్తిరించిన కొమ్మలకీ ఏడాదికి ఇంత అని చందా కట్టించుకుంటున్నాయి. ఊరిని బట్టి ధర మారుతుంది కానీ ఎక్కువ చోట్ల అది 40 నుంచి 70 పౌండ్ల మధ్య ఉంటుంది.

ఈ చందాను మెచ్చుకునేవాళ్లు అక్కడ తక్కువ. కొత్త ధర ప్రకటించగానే స్థానిక పత్రికల్లో తిట్లు మొదలవుతాయి. కౌన్సిల్ టాక్స్ ఎలాగూ కడుతున్నాం కదా, గడ్డికి మళ్లీ డబ్బులేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నాకు నచ్చిన సంగతి చెప్పాలి. ప్రభుత్వాల పనితనం చూడాలంటే మనం వంతెనల వైపు, ఆనకట్టల వైపు చూస్తాం. తోట చెత్త కోసం ఇంటి పక్కన నిలబెట్టిన గోధుమరంగు బిన్ వెనక ఉన్న అమరిక కూడా అంతే శ్రద్ధగా చూడదగ్గదని నా అభిప్రాయం. నియమం రాసినవాళ్లు, బిన్ అచ్చు పోసినవాళ్లు, లారీ దారి గీసినవాళ్లు, ఎరువు కుప్ప తిరగేసేవాళ్లు ఒకరినొకరు ఎరగరు. అయినా వాళ్ల పనులు అతుకు కనపడకుండా కలిశాయి.

మొదట నియమం సంగతి. కౌన్సిల్ అడగగలిగేది ఇంటి ముందుకొచ్చి ఎత్తుకెళ్లినందుకు కూలి మాత్రమే. ఆ తర్వాత ఆ చెత్తను ఏం చేస్తారో, దానికి ఎంతవుతుందో, ఆ ఖర్చును తోట యజమాని మీద వేయడానికి వీల్లేదు. ఇంగ్లండులో చాలా ప్రాంతాల్లో ఈ రెండూ రెండు వేర్వేరు సంస్థల పనులు: ఇంటింటికీ తిరిగి ఎత్తేది జిల్లా కౌన్సిల్, ఎత్తినదాన్ని ఓ దారికి చేర్చేది కౌంటీ కౌన్సిల్. అందుకని చందా కట్టినవాడు కొంటున్నది లారీ తన గుమ్మం ముందుకు రావడాన్ని. ఇంకో దారీ తెరిచే ఉంది. 1967లో డంకన్ శాండిస్ అనే ఎంపీ ప్రైవేటు సభ్యుడి బిల్లుగా తెచ్చిన పౌర సౌకర్యాల చట్టం, జనం తమ చెత్త తెచ్చి పడేసుకునేందుకు స్థానిక సంస్థలు స్థలాలు ఏర్పాటు చేయాలని విధించింది. జనం వాడుకలో అది 'టిప్'. తోట చెత్తను కారు డిక్కీలో వేసుకుని అక్కడికి తీసుకెళ్లి పడేస్తే డబ్బు అడగరు. అదీ వద్దనుకుంటే పెరట్లో ఒక మూల కుప్ప వేసుకుని ఎరువు చేసుకోవచ్చు. చాలా కౌన్సిళ్లు అందుకు తక్కువ ధరకే కంపోస్టు డబ్బాలు ఇప్పిస్తాయి కూడా.

అంటే డబ్బు కట్టనివాడికి రెండు దారులు ఉంచి, మూడో దారికి ధర పెట్టారు. తోటే లేని ఫ్లాటులో అద్దెకుండే మనిషి, ఊరి చివర పెద్ద పచ్చిక ఉన్న ఇంటాయన గడ్డి మోయడానికి పన్ను కట్టాల్సిన పని తప్పింది. వినడానికి చిన్న విషయం. మన దగ్గర జరిగినదానితో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలుపెట్టిన 'క్లాప్' కార్యక్రమం కింద పట్టణాల్లో ఇంటింటి చెత్తకు నెలనెలా వినియోగ రుసుము వసూలు చేశారు. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. మూడేళ్లలో అది ఎన్నికల మాటై, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం కుదరదని నాకూ తెలుసు. వంటింటి చెత్త ఏ ఇంట్లోనైనా రోజూ వస్తుంది, వద్దనుకునే వీలు లేదు. వద్దనే వీలు లేని చోట ఏ పేరు పెట్టినా అది పన్నే అవుతుందని మన జనం సరిగ్గానే పట్టుకున్నారు. వద్దనే వీలు ఉన్న చెత్తను ఏరి, దానికే ధర పెట్టడం ఇంగ్లండు నియమంలోని నేర్పు.

ఆ నేర్పు విలువ వాళ్లకూ మొదటినుంచీ తెలుసని చెప్పలేం. 2008 నాటి వాతావరణ మార్పు చట్టంలో ఇంతకంటే పెద్ద యంత్రాన్ని బిగించబోయారు. చెత్త ఎక్కువ వేసే ఇంటి నుంచి ఎక్కువ వసూలు చేసి, తక్కువ వేసే ఇంటికి తిరిగి ఇచ్చే పథకం అది. ఐదు ప్రాంతాల వరకు ప్రయోగాత్మకంగా చూడొచ్చన్నారు. ఒక్క కౌన్సిల్ కూడా ముందుకు రాలేదు. 2011లో స్థానికత చట్టం తెచ్చినప్పుడు ఆ నిబంధనలనే కొట్టేశారు. అంత ఆలోచించి చేసిన పథకం పుట్టకుండానే పోయింది, జాబితాలో మూలన కూర్చున్న తోట చెత్త పద్దు మాత్రం దేశమంతా పాకింది.

ఎలా పాకిందన్నది కొంచెం వింత కథ. 1996 అక్టోబరులో బ్రిటన్ ల్యాండ్‌ఫిల్ పన్ను పెట్టింది. గోతిలో పూడ్చే ప్రతి టన్ను మామూలు చెత్తకు మొదట్లో 7 పౌండ్లు. 2025-26 నాటికి అది 126 పౌండ్ల 15 పెన్సులైంది. 1999లో ఐరోపా సమాఖ్య, కుళ్లే చెత్తను గోతుల్లో పూడ్చడం దశలవారీగా తగ్గించాలని ఆదేశించింది. గాలి అందని గోతిలో గడ్డి కుళ్లితే మీథేన్ పుడుతుంది కాబట్టి. అదే కాలంలో కౌన్సిళ్లకు రీసైక్లింగ్ లక్ష్యాలు పెట్టారు, వాటిని బరువులో లెక్కగట్టారు. తడి గడ్డి కంటే సులువుగా బరువు తూగేది ఇంట్లో ఇంకేముంటుంది? అందుకే రెండు వేల తొలి దశకంలో కౌన్సిళ్లు ఉత్సాహంగా గోధుమరంగు బిన్‌లు ఉచితంగా పంచాయి. 2010 తర్వాత కేంద్రం నుంచి వచ్చే నిధులకు కోతపడ్డాక, పంచిన బిన్‌లే ఆదాయ మార్గాలయ్యాయి. బర్మింగ్‌హామ్ 2014లో 35 పౌండ్లతో చందా మొదలుపెట్టింది. స్కాట్లండులో ఎడిన్‌బరో 2018 అక్టోబరులో 25 పౌండ్లతో మొదలుపెట్టింది. ఉచితంగా అలవాటు చేసి తర్వాత ధర పెట్టారన్న కోపం జనంలో ఇంకా పోలేదు. అది పూర్తిగా అన్యాయమైన కోపం కూడా కాదు.

ఇక బిన్ దగ్గరికి వద్దాం. వాడుక వస్తువుల్లో దీనంత బాగా ఆలోచించి చేసినవి కొద్దిగానే ఉంటాయి. చక్రాల బిన్ పుట్టింది 1968లో, లండన్ పక్కన స్లౌ పట్టణంలో, ఫ్రాంక్ రోథర్‌హామ్ మౌల్డింగ్స్ అనే ప్లాస్టిక్ సంస్థలో అంటారు. ఫ్యాక్టరీ లోపల చెత్తను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నెట్టుకెళ్లడానికి చేసుకున్నారట. ఇప్పుడు తోట చెత్తకు ఎక్కువగా ఇచ్చేది 240 లీటర్ల రకం. ఎత్తు మీటరు పైచిలుకు. గట్టి పాలిథీన్‌ను కరిగించి ఒకే అచ్చులో కొట్టేసిన శరీరం, కింద ఒక ఇనుప ఇరుసు, రెండు చక్రాలు, పైన మూత. విప్పి చూస్తే భాగాలు అంతే.

దాని ఒంపులు గమనించండి. అడుగు సన్నం, మూతి వెడల్పు. అలా ఉంటే ఖాళీ బిన్‌లు ఒకదాంట్లో ఒకటి దూరి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీలో ఎక్కువ పడతాయి. బోర్లించినప్పుడు లోపల అదిమిన గడ్డి గోడలకు పట్టుకోకుండా జారి పడుతుంది. చక్రాలు బిన్ మధ్యలో లేవు, పిడి ఉన్న వైపు అంచున ఉన్నాయి. నిలబెట్టినప్పుడు బిన్ తన అడుగు మీద కదలకుండా కూర్చుంటుంది. పిడి పట్టుకుని వెనక్కి వంచగానే బరువంతా ఇరుసు మీదికి వస్తుంది, చేతుల మీద పడేది కొంచెమే. నిండా తడి గడ్డి ఉంటే బరువు వంద కిలోల దగ్గరికి వెళ్లవచ్చు. అంత బరువును డెబ్బై ఏళ్ల పెద్దావిడ కూడా వాకిట్లోకి లాక్కురాగలుగుతుందంటే ఆ ఇరుసు పెట్టిన చోటే కారణం. ముందువైపు మూతి కింద గట్టి పెదవిలాంటి అంచు ఉంటుంది. లారీ వెనక ఉన్న దువ్వెన పళ్లలాంటి ఇనుప కొక్కేలు ఆ అంచు కిందికి దూరి బిన్‌ను ఎత్తుతాయి. మూత బందు పిడి వైపే పెట్టారు కాబట్టి బిన్ తలకిందులైనప్పుడు మూత తన బరువుకే తెరుచుకుంటుంది, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు.

ఈ కొలతలన్నీ ఐరోపా అంతటా ఒకటే. ఈఎన్ 840 అనే ప్రమాణం వాటిని నిర్ణయించింది. ఒక దేశపు ఫ్యాక్టరీలో పోసిన బిన్‌ను ఇంకో దేశంలో చేసిన లారీ కొక్కెం పట్టుకోగలగడం దానివల్లే. రంగు మాత్రం ఎవరిష్టం వాళ్లది. ఒక ఊళ్లో తోట బిన్ గోధుమరంగులో ఉంటే, పక్క ఊళ్లో ఆకుపచ్చ. ఊరు మారినవాళ్లు తికమకపడి తప్పు బిన్‌లో వేస్తారు. ఇంత చక్కటి వస్తువును చేసిన దేశం రంగుల దగ్గర ఎందుకు ఒక మాట మీదికి రాలేకపోయిందో నాకు అంతుపట్టలేదు.

చందా కట్టినవాళ్లకు చాలా చోట్ల ఒక స్టిక్కర్ పంపుతారు. దాన్ని బిన్ మీద పిడి దగ్గర అంటించాలి. ఏడాదికో రంగు మారుస్తారు. ఎక్కువ రకాల్లో చిన్న చిన్న గాట్లు పెట్టి ఉంటాయి, ఒకసారి అంటించాక పీకితే ముక్కలవుతుంది తప్ప పక్కింటి బిన్ మీదికి మారదు. తెల్లవారుజామున లారీ వెనక నడిచే లోడర్ రెండు క్షణాల్లో చూసి తేల్చుకోవాలి కనుక ఆ స్టిక్కర్ దూరం నుంచి కనపడేలా ఉంటుంది. కొన్ని కౌన్సిళ్లు స్టిక్కర్ మానేసి లారీ క్యాబిన్‌లో తెర పెట్టాయి, ఏ ఇంటి ముందు ఆగాలో అదే చూపిస్తుంది. నా ఓటు స్టిక్కర్‌కే. తెర డ్రైవరుకు చెబుతుంది, స్టిక్కర్ వీధిలో అందరికీ చెబుతుంది.

లారీ దారి గీయడం పైకి కనిపించేంత సులువు పని కాదు. వీధిలో అందరి బిన్‌లూ ఎత్తే బండికి ప్రతి గుమ్మం ముందూ పని ఉంటుంది. తోట చెత్త బండికి నాలుగిళ్లు దాటితే గానీ ఒక చందాదారు తగలకపోవచ్చు. బండి, డీజిలు, డ్రైవరు జీతం మారవు. చందాదారులు పెరిగితే ఒక్కో బిన్‌కు అయ్యే ఖర్చు తగ్గుతుంది. ధర పెంచితే కొందరు మానేస్తారు, మిగిలినవాళ్ల మీద ఖర్చు ఎక్కుతుంది. ధర ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఇక్కడ పనిమంతుడు. మొక్కల కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో గడ్డి పోటెత్తుతుంది, శరత్తులో ఆకులు రాలతాయి, చలికాలంలో బిన్‌లో పెద్దగా ఏమీ ఉండదు. అందుకే చాలా చోట్ల రెండు వారాలకోసారి తిరిగే బండి డిసెంబరు చుట్టూ కొన్ని వారాలు ఆగిపోతుంది. జనవరిలో చాలా కౌన్సిళ్లు క్రిస్మస్ చెట్లను ఎత్తుకెళ్తాయి.

ఈ సేవకు ఇంకో గుణం ఉంది. ఇబ్బంది వచ్చినప్పుడు దీన్ని ఆపి మిగతావాటిని నడపవచ్చు. 2020 వసంతంలో కోవిడ్ వచ్చి సిబ్బంది మంచాన పడ్డప్పుడు, 2021లో లారీ డ్రైవర్ల కొరత వచ్చినప్పుడు చాలా కౌన్సిళ్లు మొదట ఆపింది తోట చెత్తనే. వంటింటి చెత్త నిలవ ఉంటే ఎలకలు వస్తాయి, గడ్డి కొన్నాళ్లు నిలవ ఉన్నా అంత ముప్పు లేదు. డబ్బు కట్టినవాళ్లు కోప్పడ్డారు, వాళ్లకు కోప్పడే హక్కు ఉంది. ఊరి ఆరోగ్యం మాత్రం చెడలేదు.

లారీ దించిన చోట అసలు పని మొదలవుతుంది. ఊరికి దూరంగా కాంక్రీటు పరిచిన స్థలం. ఇళ్లకు 250 మీటర్ల లోపు ఉంటే గాలిలో ఎగిరే శిలీంధ్రాల వల్ల వచ్చే ముప్పును పర్యావరణ సంస్థ ప్రత్యేకంగా లెక్క చూస్తుంది. దించిన చెత్తలోంచి ప్లాస్టిక్ సంచులు, పూలకుండీలు, తోట పనిముట్లు ఏరతారు. తర్వాత ముక్కలు చేసే యంత్రంలో వేసి, పొడవాటి వరసలుగా పోస్తారు. రెండు మూడు మీటర్ల ఎత్తు, గుడారం ఆకారం. వీటిని విండ్రోలంటారు.

వీటిని చూసిన తెలుగువాడికి మొదట పెంటకుప్పే గుర్తొస్తుంది. వాన చుక్క పడే ముందు బండ్లకెత్తి పొలానికి తోలే మన పెంటకుప్పా, ఈ విండ్రో మూలంలో ఒకటే. తేడా ఒక్కటుంది. పెంట తోలిన పొలంలో కలుపు ఎక్కువ మొలుస్తుందని మన రైతులందరికీ తెలుసు. కుప్ప పై పొరల్లో వేడి సరిగా ఎక్కదు, గింజలు బతికిపోతాయి. విండ్రో దగ్గర పనిచేసేవాళ్ల నేర్పంతా ఆ గింజను చంపడంలోనే ఉంది.

గడ్డిలో నత్రజని ఎక్కువ, కొమ్మల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి పాతిక నుంచి ముప్పై పాళ్ల కర్బనం ఉన్నప్పుడు సూక్ష్మజీవులు జోరుగా పనిచేస్తాయి. వట్టి గడ్డి పోస్తే అది అట్టలా అణిగిపోయి, గాలి ఆడక, కుళ్లు వాసన కొడుతుంది. వట్టి కొమ్మలు పోస్తే నెలల తరబడి కొమ్మలుగానే ఉంటాయి. జూన్‌లో వచ్చేది దాదాపు అంతా గడ్డి, చలికాలంలో వచ్చేది దాదాపు అంతా కంప. అందుకని తెలిసినవాళ్లు చలికాలపు కంపను దాచిపెట్టి వేసవి గడ్డిలో కలుపుతారు. తేమ చూడటానికి ఏ యంత్రమూ లేకపోయినా పర్వాలేదు. పిడికెడు తీసి గట్టిగా పిండితే నీళ్లు కారకూడదు, చెయ్యి తెరిస్తే ముద్ద విడిపోకూడదు. సగం తేమ ఉన్నట్టు.

రెండు మూడు రోజుల్లో కుప్ప లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. నిప్పు లేదు, కరెంటు లేదు. ఆకును తింటున్న కోటానుకోట్ల సూక్ష్మజీవుల ఒంటివేడి అది. మరీ వదిలేస్తే 70 దాటి ఆ జీవులే చచ్చిపోతాయి, తక్కువైతే కలుపు గింజ బతుకుతుంది. మీటరు పొడవున్న ఉష్ణమాపకం గుచ్చి రోజూ చూస్తారు. వేడి తగ్గుతున్నా, మరీ పెరుగుతున్నా, వాసన మారినా యంత్రంతో తిరగేస్తారు, బయటి పొర లోపలికీ లోపలిది బయటికీ వచ్చేలా. బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 2002లో మొదట ప్రచురించి, 2018 వరకు సవరిస్తూ వచ్చిన పాస్ 100 అనే ప్రమాణం ఈ దశకు సూచించే కొలత: కనీసం 65 డిగ్రీలు, ఏడు రోజులు, తేమ 50 శాతం, రెండుసార్లు తిరగేయడం. ఇక్కడ తిరగేయడాన్ని లెక్కలోకి తీసుకోవడం నాకు బాగా నచ్చింది. మధ్యలో ఎంత వేడెక్కినా, అంచున ఉన్న గింజకు తన వంతు రాకపోతే ప్రయోజనం లేదని ఎవరో కుప్ప పక్కన నిలబడి ఆలోచించి రాసిన మాట అది.

రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పట్టి, కుప్ప నల్లబడి కుంగుతుంది. అప్పుడు గుండ్రంగా తిరిగే పెద్ద జల్లెడలో పోస్తారు. 10 మిల్లీమీటర్ల మెత్తటిది తోటలకు, 40 మిల్లీమీటర్ల గరుకుది పొలాలకు. జల్లెడలో మిగిలిన పుల్లలు మళ్లీ కొత్త కుప్పలోకి పోతాయి. గాలి ఆడేందుకు సందులిస్తాయి, సూక్ష్మజీవుల తోడూ వేస్తాయి.

తయారైన కంపోస్టుకు పెట్టే పరీక్షలు చదివితే ముచ్చటేస్తుంది. సీసం కిలోకు 200 మిల్లీగ్రాములు, కాడ్మియం ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా అసలు ఉండకూడదు. లీటరు కంపోస్టును తడిపి ఉంచితే ఒక్క కలుపు మొక్క కూడా మొలవకూడదు. రసాయన పరీక్షలన్నీ అయ్యాక అందులో టమాటా గింజలు నాటుతారు. పక్కన పోల్చడానికి మంచి మిశ్రమంలోనూ నాటుతారు. మొలకలు, ఎదుగుదల దానికంటే 20 శాతానికి మించి తగ్గకూడదు, ఆకులు వంకర తిరగకూడదు. టమాటానే ఎంచుకోవడానికి కారణం ఉంది. పచ్చికలో కలుపు చంపడానికి చల్లే కొన్ని మందులు కుప్ప వేడికి కూడా చావవు, వాటి ఆనవాలు కొంచెం తగిలినా టమాటా ఆకు ముడుచుకుంటుంది. 2008లో అమినోపైరలిడ్ అనే మందు పశువుల ఎరువు ద్వారా బ్రిటన్ పెరటి తోటల్లోకి చేరి కూరగాయలను వంకర తిప్పినప్పుడు దాని అమ్మకమే కొంతకాలం ఆపేశారు. యంత్రం పట్టలేనిదాన్ని మొక్క పట్టేస్తుంది.

ప్లాస్టిక్ దగ్గర మాత్రం ఈ పనివాళ్లు ఓడిపోతున్నారనే చెప్పాలి. ఎండబెట్టి తూచిన కిలో కంపోస్టులో రెండు మిల్లీమీటర్లు దాటిన గాజు, లోహం, ప్లాస్టిక్ ముక్కలన్నీ కలిపి రెండున్నర గ్రాములు, అందులో ప్లాస్టిక్ 1.2 గ్రాములు మించకూడదన్నది ప్రమాణం. కాగితం మీద కఠినంగానే ఉంది. కానీ బిన్‌లో వేసిన ఒక్క సంచి ముక్కలు చేసే యంత్రంలో పడితే వెయ్యి పేలికలవుతుంది, వాటిని తిరిగి ఏరే జల్లెడ లేదు. వాటిని పొలంలో చూసిన రైతు మళ్లీ కొనడు.

ఇప్పుడా పక్కన పెట్టిన ప్రశ్న. కౌన్సిల్ టాక్స్ కడుతూ మళ్లీ ఎందుకు కట్టాలి? సౌకర్యానికి ధర అన్న వాదన కారున్నవాడి దగ్గర నిలబడుతుంది. కారు లేని, నడుం వంగని, చిన్న పింఛనుతో బతికే ముసలాయన దగ్గర నిలబడదు. టిప్‌కు మోసుకెళ్లవచ్చన్న హక్కు ఆయనకు కాగితం మీదే ఉంటుంది. కొన్ని కౌన్సిళ్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తగ్గింపు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ప్రతి రెండు వారాలకూ నిండా వేసేవాడూ, ఏడాదికి నాలుగుసార్లు వేసేవాడూ ఒకే చందా కట్టడం ఇంకో లోటు. 2018 డిసెంబరులో వెలువడిన ప్రభుత్వ వ్యూహం తోట చెత్తను ఉచితం చేసే ఆలోచన చేసింది. 2023లో దాన్ని వదిలేశారు. నా మటుకు నాకు ఆ నిర్ణయం సరైనదే. పూర్తిగా ఉచితం చేస్తే పెరట్లో ఎరువు చేసుకునేవాళ్లు కూడా దాన్ని మానేసి బిన్‌లో వేస్తారు, ఇంటి మూల తిరగాల్సిన ఆకు లారీలో తిరుగుతుంది. తగ్గింపు మాత్రం ప్రతి కౌన్సిల్‌కూ తప్పనిసరి చేయాల్సింది, చేయలేదు. 2026 మార్చి 31 నుంచి ఇంగ్లండులో అడిగిన ప్రతి ఇంటికీ కౌన్సిల్ తోట చెత్త సేకరణ ఏర్పాటు చేయాలి, రుసుము మాత్రం అడగవచ్చు. పద్దు నిలిచింది.

ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న తెలుగు పాఠకులకు ఒక మాట. వినాయక చవితి పత్రి, పూజ పూలు, గుమ్మానికి కట్టిన ఆకులు చాలా కౌన్సిళ్లలో తోట బిన్‌లో వేయవచ్చు. మీ కౌన్సిల్ జాబితా ఒకసారి చూసుకుని, దారం, తీగ, జరీ పోగులు తీసేసి, విడిగా వేయండి, సంచిలో కట్టి వేయకండి. అన్నం తిన్న అరిటాకు, కూరగాయల తొక్కలు మాత్రం అందులో వద్దు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి దేశమంతా పశువులను చంపుకున్నాక, మాంసం తగలడానికి వీలున్న వంటింటి చెత్త ఏదైనా బయటి కుప్పల్లో వేయకూడదని, మూసిన గదుల్లోనే వేడి చేయాలని నియమం పెట్టారు. మీ వంటింట్లో మాంసం వండరన్నది మీకు తెలుసు, విండ్రో తిరగేసేవాడికి తెలియదు.